కొత్తగా వచ్చినవారికి పరీక్షలు పెట్టే అభిమానులతో ఎలా వేగాలి?

మారతహళ్లి_వాసి (ప్రశ్న)

నేను, మా చెల్లెలు కర్నూలు నుంచి వచ్చి బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్నాం. సూపర్‌హీరో సినిమాలతో మొదలైన తన ఇష్టం ఈ మధ్య యానిమే (జపాన్ యానిమేషన్), బోర్డ్ గేమ్‌ల దాకా వచ్చింది. ఇందిరానగర్‌లోని ఒక కేఫ్‌లో వారాంతాల్లో జరిగే ఆటలకు ఇద్దరం కలిసి వెళ్ళాం. తన టీషర్ట్ మీదున్న బొమ్మను చూసి, ముఖపరిచయమైనా లేని ఒకాయన, ఆ పాత్ర మొదట ఏ కామిక్ సంచికలో కనిపించింది, బొమ్మలు గీసిందెవరు, ఆ తరవాత ఎవరు రాశారు అంటూ వరసపెట్టి అడగసాగాడు. నేను వేసుకున్నదీ దాదాపు అలాంటి టీషర్టే అయినా, నన్ను మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఆ తరవాత అందరం ఒకే జట్టుగా ఆడే ‘పాండెమిక్’ తీశారు. చెల్లెలు తన చేతిలోని కార్డు చదువుకునేలోపే ఆయన దాన్ని లాక్కుని, ఆమె వంతు కూడా తానే ఆడేశాడు. యానిమే తెలుగు డబ్బింగ్‌లో చూస్తానని తను అన్నప్పుడు బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు. మళ్ళీ రానని ఇప్పుడు భీష్మించుకు కూర్చుంది. ఇది ఆ ఒక్క బృందానికే ఉన్న తెగులా, ఈ అభిమాన లోకమంతా ఇంతేనా? ఇష్టమైనవాటిని వదులుకోకుండా ఇలాంటివారితో ఎలా నెగ్గుకురావాలి?

చర్చ్‌స్ట్రీట్_పాతకాపు

ఆ పెద్దమనిషి చేసినదాన్ని నేను సమర్థించను గానీ, ఆ బుద్ధి ఎక్కడి నుంచి వస్తుందో చెప్పగలను, ఎందుకంటే నేనూ ఆ తరంవాణ్ణే. మా రోజుల్లో ఒక కథ మొదటి భాగం దొరికితే రెండోది దొరికేది కాదు. అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల కుప్పల ముందు గొంతుక్కూర్చుని వెతికేవాళ్ళం, చర్చ్ స్ట్రీట్‌లో బ్లాసమ్ పుస్తకాల షాపు వచ్చాక అక్కడి అరలు గాలించేవాళ్ళం, అయినా దొరకని సంచికలో ఏం జరిగివుంటుందో ఊహించుకుని సరిపెట్టుకునేవాళ్ళం. అంత ప్రయాసపడి పోగుచేసుకున్నది ఇవాళ ఫోనులో క్షణంలో దొరుకుతుంటే, తమ పాండిత్యానికి ఇక విలువేముందన్న ఉక్రోషం కొందరికి కలుగుతుంది, ఆ ఉక్రోషాన్ని కొత్తవాళ్ళ మీద తీర్చుకుంటారు.

అయితే ఈ జబ్బు ఇంటర్నెట్‌తో పుట్టిందనుకోవద్దు. 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొట్టమొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశంలోనే, కరపత్రాలు పంచి గొడవ చేస్తారన్న అనుమానంతో ఆరుగురు అభిమానులను లోపలికి రానివ్వలేదు. అలా గుమ్మం బయట నిలబెట్టినవారిలో, తరవాతి కాలంలో ఆ రంగంలోనే పెద్ద రచయితగా పేరు తెచ్చుకున్న ఫ్రెడరిక్ పోల్ ఒకరు. 2015లో సైన్స్ ఫిక్షన్ రచనలకిచ్చే హ్యూగో పురస్కారాల నామినేషన్లను ఒక వర్గం మూకుమ్మడిగా తమ జాబితాలతో నింపితే, ఓటర్లు అయిదు విభాగాల్లో ఎవరికీ పురస్కారం ఇవ్వకుండా తిప్పికొట్టారు. ఇది మాది, మీరెవరు అనే తగవు ఎనిమిది దశాబ్దాలు దాటినా తెగలేదు.

కుట్టుమిషన్_జయనగర్

పాతకాపు గారూ, మీరు చెప్పిన ఉక్రోషం నిజమే కావచ్చు, కానీ అదొక్కటే కారణమైతే ఆ ప్రశ్నలు అన్నకూ చెల్లెలికీ సమానంగా పడాలి కదా? పడలేదు. నేను కాస్‌ప్లే చేస్తాను, అంటే ఇష్టమైన పాత్రల వేషాలు వేస్తాను. ఫోమ్ షీట్లు కత్తిరించి, హీట్ గన్‌తో వంచి, అతుకులు కనబడకుండా రంగు వేసి, రాత్రుళ్ళు మేలుకుని కవచం తయారుచేసుకుని వెళితే, ఒక మేళాలో నాకు దొరికిన మొదటి ప్రశంస “ఆ పాత్ర ఇంత నల్లగా ఉండదే” అన్నది. అడగకుండా ఫొటోలు తీసేవాళ్ళు, భుజం మీద చెయ్యి వేసేవాళ్ళు సరేసరి. వేషం వేసుకున్నంత మాత్రాన సమ్మతి ఇచ్చినట్టు కాదని 2014లో న్యూయార్క్ కామిక్ కాన్ అనే అభిమానుల మేళావారు బోర్డులు పెట్టి మరీ చెప్పవలసి వచ్చిందంటే, ఇది మన ఊరికే ప్రత్యేకమైన బెడద కాదని తెలుస్తూనే ఉంది. 2017లో ‘స్టార్ వార్స్’ చిత్రంలో నటించిన కెల్లీ మేరీ ట్రాన్ అభిమానులమని చెప్పుకునేవాళ్ళ దూషణలు భరించలేక, మరుసటి ఏడాది తన ఇన్‌స్టాగ్రామ్ పోస్టులన్నీ తీసేసింది. కథ నచ్చకపోతే కథను తిట్టవచ్చు. నటి జాతినీ రూపాన్నీ తిట్టడం ఏ అభిమానం?

హెచ్‌ఎస్‌ఆర్_పాచిక

ఒక్క మనిషి మొరటుతనానికి అందరినీ బోనులో నిలబెట్టడం నాకు సబబుగా తోచడం లేదు. ఎవరు గీశారు, ఏ సంచిక అని వాదించుకోవడంలో ఉన్న సరదాయే మాలో చాలామందికి స్నేహితులను సంపాదించిపెట్టింది. అడిగే తీరు బాగుండాలంటే ఒప్పుకుంటాను, అసలు అడగనే కూడదంటే ఒప్పుకోను.

ఆదివారం_ఆటగాడు

పాచిక గారూ, జవాబు తెలియనప్పుడు “అయితే ఇది చదవండి” అని పుస్తకం చేతికిస్తే అది సరదా, పక్కవాడి వైపు చూసి నవ్వితే అవమానం. ఆ తేడా అడిగినవాడికి తెలియకపోయినా అడిగించుకున్నవాళ్ళకు ఇట్టే తెలుస్తుంది.

ఇక పనికొచ్చే సంగతి. కార్డు లాక్కోవడం ఉమ్మడి ఆటల్లో పాత రోగమే, దాన్ని ఆల్ఫా ప్లేయర్ సమస్య అంటారు. అందరి సమాచారమూ బల్ల మీద బహిరంగంగా ఉంటే, ఎక్కువ తెలిసినవాడు మిగతావారిని తోలుబొమ్మల్లా ఆడిస్తాడు. నేను కోరమంగళలో నడిపే చిన్న బృందంలో ఎవరి కార్డును ఎవరూ ముట్టకూడదు, అడగనిదే సలహా ఇవ్వకూడదు. కొత్తవాళ్ళు వచ్చిన రోజున ‘హనాబి’ అనే కార్డుల ఆట తీస్తాను. అందులో మన కార్డులు మనకు కనిపించవు, ఎదుటివారివే కనిపిస్తాయి, సూచనలు ఇవ్వడానికీ పరిమితి ఉంటుంది. కాబట్టి ఎంతటి పండితుడైనా పక్కవారిని నమ్మక తప్పదు. ‘ది క్రూ’ అనే ఆటలోనూ మాట్లాడుకోవడానికి అలాంటి కట్టుబాటే ఉంది.

డబ్బింగ్ సంగతి మీ చెల్లెలు పట్టించుకోనక్కరలేదు. 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్’ అనే యానిమే చిత్రాన్ని మన దేశంలో తెలుగులోనూ థియేటర్లకు తెచ్చారంటే, చూసేవాళ్ళు ఉన్నారనే కదా. నవ్వినవాళ్ళలో జపనీస్ వచ్చినవాళ్ళు ఎందరో నాకు అనుమానమే. వాళ్ళూ ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ మీద ఆధారపడేవాళ్ళే అయివుంటారు.

మారతహళ్లి_వాసి

అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చంతా చెల్లెలికి చదివి వినిపించాను. ఆ కేఫ్‌కు మాత్రం వెళ్ళదట, కోరమంగళ గురించి ఆలోచిస్తానంది. ‘హనాబి’ ముందు ఇంట్లో ఆడి చూడాలనుకుంటోంది, ఇద్దరమే ఉంటే కుదురుతుందా?

ఆదివారం_ఆటగాడు

కుదురుతుందండీ, ఇద్దరి నుంచి అయిదుగురి దాకా ఆడవచ్చు. ఇద్దరే అయితే చెరి అయిదు కార్డులు పంచుకోండి.