ఈనిన ఆవుకు దాణాలో నూనె కలపొచ్చా, బైపాస్ ఫ్యాటే పెట్టాలా?

మా ఆవు ఈమధ్యే ఈనింది. పాలు బాగానే ఇస్తోంది కానీ ఒళ్లు కరిగిపోతోంది. డొక్కలు లోపలికి పోయి పక్కటెముకలు తేలాయి. ఈ దశలో తిన్నదానికన్నా పాలలో పోయే శక్తే ఎక్కువ. పిండిపదార్థాలకన్నా కొవ్వులో శక్తి సుమారు 2.25 రెట్లు కాబట్టి అటువైపు చూస్తున్నాను.

నా భయమల్లా పొట్ట గురించే. మామూలు నూనె ఎక్కువైతే పెద్దపొట్టలో పీచును అరిగించే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి, మేత తగ్గుతుంది, పాలలో వెన్న కూడా పడిపోతుంది. మేత మొత్తం పొడి బరువులో కొవ్వు 6-7 శాతం దాటకూడదంటారు. ఇప్పటికే పత్తి గింజలు, తవుడు పెడుతున్నాను. వాటిలో ఉన్న నూనె కూడా ఆ లెక్కలోకే వస్తుంది కదా, మీరు ఎలా లెక్కగడుతున్నారు?

కాల్షియం లవణాల రూపంలో ఉండే బైపాస్ ఫ్యాట్ అయితే పెద్దపొట్టను పెద్దగా కదిలించకుండా ముందుకు వెళ్లి, ఆ తర్వాత అరుగుతుంది. అదే మేలనిపిస్తోంది. కానీ ఆ వాసనకు దాణా ముట్టకపోతే ఎలా అలవాటు చేశారు? రోజుకు ఎంతతో మొదలుపెట్టారు, ఎన్నాళ్లు ఇచ్చారు? మళ్లీ ఎదకు రావడంలో తేడా కనిపించిందా? వాడి చూసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.