కాలనీ లక్కీ డ్రా: ఒకే ఇంటికి రెండు బహుమతులు వస్తాయా?

కాజీపేట కుర్రోడు:
హన్మకొండలో మా కాలనీ దసరా లక్కీ డ్రా సంగతి. 200 రూపాయల కూపన్లు, మొత్తం 1000. మొదటి బహుమతి స్కూటీ, రెండోది ఫ్రిజ్, మూడోది పొట్టేలు. స్కూటీ, పొట్టేలు రెండూ ఒక్క ఇంటికే పోయినయ్. ఆ ఇంటివి 40 కూపన్లు. లెక్క తెలిసినవాళ్లు చెప్పండి, ఇట్ల అయితదా?

లెక్కల సారు:
అవుతుంది. 1000లో 40 అంటే ఒక్కో బహుమతికి నూటికి 4. మూడు బహుమతుల్లో కనీసం రెండు రావడానికి సుమారు నూటికి 0.46.

కాజీపేట కుర్రోడు:
అంటే 200 డ్రాలు తీస్తే ఒకసారి! మోసం కాకపోతే ఏంది?

లెక్కల సారు:
ఆగు తమ్ముడూ. అది ‘ఆ ఇంటి’ లెక్క. ‘ఏదో ఒక ఇంటి’ లెక్క వేరు. 25 ఇళ్లు, ఇంటికి 40 కూపన్లు అనుకో. మొదటి చీటీ ఎవరిదైనా సరే. రెండోసారి డబ్బాలో మిగిలిన 999లో వేరే ఇళ్లవి 960. మూడోసారి 998లో ఆ రెండిళ్లవి కానివి 920. 960/999ని 920/998తో గుణిస్తే 0.886, అది మూడు బహుమతులూ వేర్వేరు ఇళ్లకు పోయే అవకాశం. అంటే ఎవరో ఒకరికి రెండు పడే అవకాశం నూటికి 11 పైనే. ఇందులో వింతేం లేదు.

పరకాల అక్క:
మేం ఏటా కొంటాం. ఒక్క స్టీలు గ్లాసు కూడా రాలేదు. మాకు శాతాలు చెప్పకండి.

ఉర్సు గుట్ట:
మూడో బహుమతి ముందు తీస్తారు కదా. మొదటి బహుమతికి 998 చీటీలే ఉంటాయి. అవకాశం పెరిగినట్టే.

లెక్కల సారు:
పెరగదు. డ్రా మొదలుకాకముందు ప్రతి చీటీకీ ప్రతి బహుమతికీ వెయ్యిలో ఒకటే. నీ చీటీ ఇంకా డబ్బాలోనే ఉందని తెలిశాకే 998లో ఒకటి.

ఉర్సు గుట్ట:
నేనూ అదే కదా అన్నది.

మట్టెవాడ:
డబ్బులకు కూపన్లు అమ్మి డ్రా తీయడమే తప్పు. భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) సెక్షన్ 297 చదవండి.

నర్సంపేట అన్న:
2023 తెలంగాణ వైన్ షాపుల లైసెన్సుల డ్రాలో 2,620 షాపులకు 1.31 లక్షలకు పైగా దరఖాస్తులు. ఒక్కో దరఖాస్తుకు 2 లక్షల ఫీజు, తిరిగివ్వరు. సగటున షాపుకు 50. వాళ్లెవరూ ఇంత ఏడవలేదు.

కాజీపేట కుర్రోడు:
అన్నా, అక్కడ పైసలు కట్టాకే పేరు డబ్బాలో పడ్డది. సారూ, మీ ‘ఏదో ఒక ఇల్లు’ కోశాధికారి ఇల్లు. చీటీలు డబ్బాలో వేసిందీ ఆయనే. మీరు కూడా కమిటీలో ఉన్నారు, ఆ ముక్క చెప్పరేంది?

లెక్కల సారు:
నేను కమిటీలో ఉంటే గుణకారం మారుతుందా? అమ్ముడుపోని 40 కూపన్లు ఆయన తీసుకున్నాడు. లేకపోతే ఆ 8 వేలు ఎవరు భరించేవాళ్లు? నువ్వు కొన్నది రెండు.

కాజీపేట కుర్రోడు:
రెండైనా రొక్కం ఇచ్చి కొన్న. మా అమ్మ కూరగాయల పైసలు. ఆయన సద్దుల బతుకమ్మ రాత్రి పేరు రాసుకున్నడు. మరి 8 వేలు ఎప్పుడు కట్టిండు? డ్రా అయినంక కడితే అది కూపన్ ఎట్ల అయితది? గెలిస్తే కడతడు, లేకుంటే చింపేస్తడు.

పరకాల అక్క:
ఇది ముందే చెప్పొద్దా బాబూ! పొద్దట్నుంచి శాతాలు చదువుతున్నాం.

లెక్కల సారు:
కడతానని మాట ఇచ్చాడు. పాతికేళ్లుగా తెలిసిన మనిషి.

కాజీపేట కుర్రోడు:
కడతానన్నడా, కట్టిండా? రసీదు పుస్తకం ఫొటో పెట్టండి, తేదీ కనపడేటట్టు.

లెక్కల సారు:
అది కాలనీ మీటింగ్‌లో అడుగు. ఇక్కడ లెక్క అడిగావు, చెప్పాను.

కాజీపేట కుర్రోడు:
మీటింగ్ పిలవాల్సింది మీరే కదా సార్. ఎప్పుడు పిలుస్తరు?