45 దాటాక పొద్దున నడక ఒక్కటే చాలా, బరువులు కూడా ఎత్తాలా?

గోదారిగట్టు_47:
రాజమండ్రి, బ్యాంకు ఉద్యోగం, వయసు పేరులోనే ఉంది. మొన్న మా అత్తారి ఊళ్లో పెళ్లికెళ్తే, ఈ రోజుల్లో కూడా కింద పంక్తి వేశారు. భోజనం బాగానే చేశాను. లేవబోతే మోకాళ్లు మొరాయించాయి. పక్కాయన భుజం పట్టుకుని లేచాను. 71 ఏళ్ల మా మావగారు విస్తరి మడిచి, లేచి, చెయ్యి కడుక్కుని కిళ్లీ కూడా వేసేసుకున్నారు అప్పటికి. మూడేళ్లుగా గోదారి గట్టున రోజూ ముప్పావుగంట నడుస్తున్నవాణ్ని నేను! షుగరు అంచుమీద ఉంది, మూడు నెలల సగటు 6.1. డాక్టరు గారు కాస్త బరువులు ఎత్తమన్నారు. మా ఆవిడేమో "ఈ వయసులో జిమ్మేంటండీ, నడుం పట్టేస్తే చాకిరీ నాకు" అంటోంది. ఎవరి మాట వినాలి?

నడకరాముడు:
ఆవిడ మాట వినండి సార్. నాకు 58. పన్నెండేళ్లుగా బీచ్ రోడ్డు మీద రోజుకి పదివేల అడుగులు, ఒక్కటి తగ్గినా ఇంటికి రాను. బీపీ మాత్ర లేదు, షుగరు మాత్ర లేదు. జిమ్ముల్లో కుప్పకూలినవాళ్ల వార్తలు చూడట్లేదా? మన శరీరం నడవడానికే పుట్టింది.

పాలమూరు_బిడ్డ:
అన్నా, ఆ పదివేల లెక్క ఏడికెళ్లి వచ్చిందో ఎరుకేనా? 1965ల జపాన్ల అడుగులు లెక్కవెట్టే మిషన్ అమ్మెతందుకు "పదివేల అడుగుల మీటర్" అని పేరు పెట్టిండ్రు. గంతే. డాక్టర్లు లెక్కగట్టి చెప్పింది గాదు. 2019ల అమెరికాల పెద్దవయసు ఆడోళ్ల మీద చూసిండ్రు. రోజుకు 4,400 అడుగులేసినోళ్లకే, 2,700 ఏసినోళ్లకంటే సావుల లెక్క మస్తు తగ్గింది. 7,500 దాటినంక ఇంక తేడా కానరాలె.

నడకరాముడు:
అంటే నేను అవసరానికి మించే చేస్తున్నట్టేగా తమ్ముడూ! నా మాటే నిలబెట్టావు.

ఫిజియో_అక్క:
గుంటూరులో పదిహేనేళ్లుగా మోకాళ్లూ నడుములూ చూస్తున్నదాన్ని. నడక మానమని ఎవరూ అనరు. గుండెకి, బీపీకి, నిద్రకి దానంత చవకైన మందు లేదు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది రెండూ కలిపి: వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒళ్లు కాస్త వేడెక్కే పని, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాలకి బరువు పడే పని. మనవాళ్లు మొదటి సగం చదివి కాగితం మడిచేశారు.

గోదారిగట్టు గారూ, చదునైన రోడ్డు మీద ఎంత నడిచినా మోకాలు పూర్తిగా వంగదు, తొడకి బరువు పడదు. మీరు డైనింగ్ టేబులు, కమోడ్, కారు సీటు దాటి కిందికి దిగి ఎన్నేళ్లయింది? మీ మావగారు ఇప్పటికీ నేలమీదే కూర్చుంటారని పందెం. పైగా మనం తిన్న అన్నంలోని చక్కెరని ఎక్కువగా లాక్కునేది కండరాలే. 6.1 ఉన్నవాళ్లకి అది చిన్న సంగతి కాదు.

ఒక పరీక్ష ఉంది. బ్రెజిల్‌లో 51 నుంచి 80 ఏళ్లవాళ్లు రెండువేల మంది మీద చేసి 2012లో రాశారు. నేలమీద కూర్చుని లేవాలి. పదికి మార్కులు. చెయ్యి ఆనిస్తే ఒకటి పోయింది, మోకాలు ఆనిస్తే ఇంకొకటి. ఎనిమిదికన్నా తక్కువ వచ్చినవాళ్లలో తర్వాతి ఆరేళ్లలో చనిపోయినవాళ్లు బాగా ఎక్కువ.

లెక్కల_మాస్టారు:
ఆగండమ్మా. లేవలేనివాళ్లు ముందు పోయారంటే, లేవలేక పోయారని కాదు. లోపల ఏదో జబ్బుండి, దానివల్లే లేవలేకపోయి ఉండొచ్చు. థర్మామీటరుని ఐసులో పెడితే జ్వరం తగ్గుతుందా? ఇంట్లో వంద గుంజీళ్లు తీసి ఆయుష్షు కొనుక్కున్నాననుకుంటే పొరపాటు.

ఫిజియో_అక్క:
ఒప్పుకుంటాను మాస్టారూ. ఆయుష్షు సంగతి నేను హామీ ఇవ్వను. కానీ కాళ్లలో బలం మాత్రం ఏ వయసులోనైనా తిరిగొస్తుంది. 1990లో అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్లవాళ్లతో ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించారు. బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర వదిలేశారు. పదిమందే కదా అంటారు, నాకు తెలుసు.

లెక్కల_మాస్టారు:
అదే అనబోతున్నాను.

కోనసీమ_కుర్రాడు:
మా తాత జిమ్ము గుమ్మం తొక్కలేదు, 92 దాకా బతికాడు.

పాలమూరు_బిడ్డ:
మీ తాత వడ్ల బస్తా ఎత్తిండు తమ్మీ. బాయిల నీళ్లు తోడిండు. దానికి పేరు పెట్టలె, గంతే తేడా. ఇంకోటి, తాతలందరు తొంభై ఏండ్లు బతికిండ్రనుకోకు. పోయినోళ్ల ముచ్చట ఎవ్వరు చెప్పరు.

మడికొండ_అమ్మాజీ:
ఇంతసేపూ మగవాళ్ల మాటలే. నాకు 51. మా అమ్మ బాత్రూములో జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. అంతకుముందు రోజూ గుడికి నడిచి వెళ్లేది. ఆపరేషన్ బాగానే జరిగింది, మనిషి మాత్రం మంచం దిగలేదు. ఎనిమిది నెలలకి పోయింది. నెలసరి ఆగాక ఎముకలు గుల్లబారతాయని నాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. రోట్లో రుబ్బడం, బిందె చంకనెత్తుకోవడం అమ్మ తరంతోనే పోయాయి. అపార్ట్‌మెంట్ జిమ్ములో కుర్రాళ్ల మధ్యకి నేను వెళ్లలేను. అందుకే అయిదు కిలోల బియ్యం సంచి గుండెకి హత్తుకుని కుర్చీలోంచి పన్నెండుసార్లు లేస్తాను, మూడు విడతలు. మా కోడలు నవ్వింది. ఇప్పుడు అదీ చేస్తోంది.

ఫిజియో_అక్క:
అమ్మాజీ గారూ, మీకు నా ఫీజు కట్టక్కర్లేదు. ఒక్కటే, లేచేటప్పుడు ఊపిరి బిగబట్టకండి, బీపీ ఎగబాకుతుంది. ఛాతీలో నొప్పి, మెట్లెక్కితే ఆయాసం, ఇంట్లో చిన్నవయసు గుండెపోట్లు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరుకి చూపించుకున్నాకే మొదలుపెట్టండి.

కోనసీమ_కుర్రాడు:
మరి ప్రొటీన్ పొడి? డబ్బా మూడువేలంట. కొర్రలు తింటే సరిపోదా?

పాలమూరు_బిడ్డ:
కొర్రల లొల్లికి వేరే థ్రెడ్ ఉన్నది, ఈడ మొదలు వెట్టకు. తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థోళ్లే 2024ల ఆ పొడులు వద్దన్నరు. రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ అంటే, 70 కిలోల మనిషికి 58 గ్రాములు. గుడ్డుకు ఆరు. మనోళ్లు పప్పు పలుచగ చేసి నాలుగు మెతుకుల మీద చల్లుకుంటరు, ఆడ వస్తది కష్టం. ముద్దపప్పు తిను.

నడకరాముడు:
రాత్రి తలుపేసుకుని ఆ బ్రెజిల్ పరీక్ష చేశాను. రెండు చేతులు, ఒక మోకాలు. ఇంకేం అడక్కండి.

గోదారిగట్టు_47 (ఆరు వారాల తర్వాత):
నడక మానలేదు. సోమ, గురువారాలు కుర్చీ గుంజీళ్లు, గోడకి చేతులానించి దండీలు, మెట్లు. మా ఆవిడ దగ్గరుండి లెక్కపెడుతోంది, దొంగలెక్క ఒప్పుకోదు. ఇప్పుడు ఒక్క చెయ్యే ఆనుతోంది. షుగరు పరీక్ష వచ్చే నెల. ఒకటే అనుమానం, లేచినప్పుడల్లా మోకాలు టకటకమంటోంది. ఆపెయ్యనా?

ఫిజియో_అక్క:
నొప్పి గానీ వాపు గానీ ఉందా?

గోదారిగట్టు_47:
లేదండి. చప్పుడే.

ఫిజియో_అక్క:
అయితే మోగనివ్వండి. ఇంకా డైనింగ్ కుర్చీ మీంచేనా లేస్తున్నారు?

గోదారిగట్టు_47:
అవునండి.

ఫిజియో_అక్క:
ఈ వారం నుంచి ఎత్తుపీట.