మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌తో హాప్స్ వాసనున్న రెడ్ ఏల్ బీరు: రంగు ఎర్రగా రావాలంటే?

హన్మకొండ నుంచి ప్రశ్న: అన్నలూ, నేను డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నా, సెలవులకి ఇంటికొచ్చా. సూట్‌కేసులో మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తిన బార్లీ నుంచి తీసిన చిక్కటి పాకం) డబ్బాలు రెండున్నాయి, ఒక్కోటి కిలోన్నర, ఒకటి లైట్, ఒకటి డార్క్. బీరుకి చేదూ వాసనా ఇచ్చే హాప్స్ పూలు కూడా తెచ్చా. 19 లీటర్ల రెడ్ ఏల్ ఇక్కడే కాద్దామని ఉంది. రెండు డబ్బాలూ కలిపితే ఎరుపు వస్తుందా? హాప్స్ వాసన గట్టిగా కొట్టాలి.

కాజీపేట: తమ్ముడూ, ముందు పొయ్యి వెలిగించకు. లైసెన్స్ లేకుండా బీరు కాయడం మన దగ్గర ఎక్సైజ్ చట్టం కింద నేరం. గుడుంబా పట్టుకోడానికి వచ్చిన ఎక్సైజ్ వాళ్లకి హాప్స్ గురించి క్లాసు తీసుకోలేవు కదా. అమెరికాలో 1978 చట్టం వచ్చాక ఇంట్లో తాగడానికి ఒక్కరుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు పెద్దవాళ్లుంటే 200 దాకా పన్ను లేకుండా కాచుకోవచ్చు, అమ్మకూడదంతే. వెళ్లాక అక్కడే చెయ్.

ఇక రంగు. డార్క్ డబ్బా వాడితే బీరు గోధుమరంగులోకి పోతుంది. రెండూ లైటే తీసుకో. ఎరుపు తెచ్చేది రోస్టెడ్ బార్లీ, అదీ 60 గ్రాములు చాలు. దాంతోపాటు క్రిస్టల్ 60 అనే రంగు మాల్ట్ గింజలు 400 గ్రాములు. రెండిటినీ పిండి కాకుండా పగలగొట్టించి, పలుచని గుడ్డ సంచిలో కట్టి, 65–70 డిగ్రీల నీళ్లలో అరగంట ఉంచి తీసెయ్. సంచితో సహా మరిగిస్తే పొట్టులోని వగరు దిగుతుంది. బీరు తయారయ్యాక గ్లాసుని వెలుతురుకి ఎదురుగా పట్టి చూడు, అంచుల్లో దానిమ్మ గింజ రంగు కనపడాలి.

ఎక్స్‌ట్రాక్ట్ పోసేముందు మంట ఆపాలి. లేకపోతే అది తిన్నగా కిందికి దిగి అడుగంటుతుంది. గరిటెతో అడుగు గీకుతూ పూర్తిగా కలిపాకే మళ్లీ వెలిగించు. ఒక డబ్బా మొదట్లో, రెండోది చివరి పావుగంటలో వెయ్, రంగు ముదరకుండా ఉంటుంది. మొదటి పొంగు వచ్చేదాకా అక్కడి నుంచి కదలొద్దు, ఫోనొచ్చినా సరే.

ఇక హాప్స్. సెంటెనియల్ రకం 28 గ్రాములు గంటసేపు మరగాలి, అది చేదు కోసం. వాసనంతా చివర్లో వేసేదాంట్లోనే ఉంటుంది: కాస్కేడ్ రకం 28 గ్రాములు ఆఖరి పది నిమిషాలకి, ఇంకో 28 మంట ఆపాక. పులియడం అయిపోయాక మరో 40 గ్రాములు మరిగించకుండా అలాగే వేసి మూడు నాలుగు రోజులు ఉంచు.

హన్మకొండ: థాంక్స్ అన్నా. ఆగస్టులో వెళ్తున్నా. ఫ్లాట్‌లో ఏసీ 25లో ఉంటుంది, సరిపోతుందా?

కరీంనగర్: సరిపోదు బాబూ. ఈస్ట్ (బీరుని పులియబెట్టేది) జోరందుకున్నాక లోపలి వేడి గదికంటే నాలుగైదు డిగ్రీలు పెరగొచ్చు. అప్పుడు పండిన పండు వాసనా, నాలుక మీద మంటా వస్తాయి. ఆగస్టులో డల్లాస్ మన రామగుండానికేం తీసిపోదు. పెద్ద టబ్బులో నీళ్లు పోసి ఫర్మెంటర్‌ని (బీరు పులిసే పాత్రని) అందులో పెట్టి, గడ్డకట్టిన నీళ్ల సీసాలు పొద్దునా రాత్రీ మారుస్తుండు. 18–20 డిగ్రీలు దాటనీయొద్దు. మొదటి నాలుగు రోజులదే అసలు టెన్షన్.

ఇంకోటి. కల్లు దానంతటదే పులుస్తుంది, గాల్లోంచి ఏం పడ్డా దానికి చెల్లుతుంది. దీనికి చెల్లదు. కషాయం చల్లారాక తగిలే ప్రతి గొట్టం, మూత, గరిటె శానిటైజర్‌లో ముంచాల్సిందే.

బుడగలు ఆగాయని సీసాల్లో నింపెయ్యకు. హైడ్రోమీటర్ (ద్రవం సాంద్రత చూపే పరికరం) 1.050 దగ్గర మొదలై 1.012 దరిదాపుల్లో మూడు రోజులు కదలకుండా ఉంటేనే నింపు. మొత్తం 19 లీటర్లకీ కలిపి 110 గ్రాముల పంచదార, కప్పు నీళ్లలో మరిగించి కలుపు. పంచదార ఎక్కువైతే సీసాలు పేలతాయి.

కాజీపేట: కుళాయి నీళ్లయితే క్యాంప్‌డెన్ అనే సల్ఫైట్ బిళ్లలో పావు ముక్క పొడిచేసి ముందే కలుపు, క్లోరిన్ పోతుంది. సీసాలు రెండు వారాలు గదిలో, తర్వాత ఫ్రిజ్‌లో పెట్టు. పండగకని దాచకు, హాప్స్ వాసన తొందరగా తగ్గిపోతుంది.

హన్మకొండ: మరి డార్క్ డబ్బా?

కాజీపేట: చలికాలంలో స్టౌట్ అనే నల్లటి బీరు కాచుకో. దాని సంగతి అప్పుడు అడుగు.