జెండా పాతితే దీవి మనదైపోతుందా?

ప్రశ్న (అశోక్‌నగర్ నుంచి):
అన్నలూ, నడిసముద్రంలో ఎవరూ లేని దీవి మీద ఒక దేశం జెండా పాతితే చాలా, లేక పార్లమెంటులో చట్టం కూడా చెయ్యాలా? గ్రూప్స్‌కి చదువుతూ రాత్రి రూములో పెద్ద గొడవ పడ్డాం. మావాడు జెండా చాలంటాడు. టీ, సమోసా పందెం. నిజంగా జరిగిన కేసు ఏదైనా ఉంటే చెప్పండి.

జవాబు 1 (స్కాట్లండ్‌లోని అబర్డీన్ నుంచి):
తమ్ముడూ, రాకాల్ కేసు చదువు. తెల్లారగట్ల షిఫ్టుకి పోతుంటే కారు రేడియోలో ఓడలవాళ్ల వాతావరణ వార్తలొస్తాయి: “రాకాల్, మాలిన్, హెబ్రిడీస్...” చాలా రోజులు అదేదో ఊరనుకున్నా. తీరా చూస్తే అట్లాంటిక్‌లో ఒంటరి రాయి! ఎత్తు 17 మీటర్లు, అంటే మన ఐదంతస్తుల అపార్ట్‌మెంటంత. తాగడానికి చుక్క నీళ్లుండవు, ఉన్నదల్లా పిట్టల రెట్టే.

1955 సెప్టెంబర్ 14న బ్రిటన్ రాణి పేరుతో ఆ దేశ నేవీ నౌక విడాల్ కెప్టెన్‌కి, ఈ రాయిని స్వాధీనం చేసుకోమని ఆజ్ఞాపత్రం వచ్చింది. 18న హెలికాప్టర్ నుంచి నలుగురిని తాడుతో దించారు. అందులో ఒకాయన పక్షుల శాస్త్రవేత్త. రాతికి సిమెంటుతో ఫలకం అతికించి జెండా ఎగరేశారు. ఇంత హడావిడి ఎందుకంటే, స్కాట్లండ్‌లోని సౌత్ యూయిస్ట్ దీవిలో క్షిపణి పరీక్షల కేంద్రం పెడుతున్నారు. సోవియట్ వాళ్లు ఈ రాయెక్కి చూస్తారేమోనని టెన్షన్.

దాంతో రాయి స్వాధీనమైంది. మరి ఏ జిల్లా, ఏ చట్టం? అది తేలింది 1972 ఫిబ్రవరి 10న. బ్రిటన్ పార్లమెంటు చేసిన ఆ చట్టం చాలా చిన్నది: రాకాల్‌ని స్కాట్లండ్‌లో కలుపుతున్నాం, ఇన్వర్నెస్ కౌంటీ హారిస్ జిల్లాలో భాగం, అక్కడ స్కాట్లండ్ చట్టమే నడుస్తుంది. మనిషే లేని చోటికి కౌంటీ, జిల్లా!

జవాబు 2:
ఇది బ్రిటన్ ఇంట్లో రాసుకున్న కాగితం. పక్కింటి ఐర్లండ్ నేటికీ ఒప్పుకోదు. అసలు గొడవ రాయి కోసం కాదు, చుట్టూ ఉన్న చేపల కోసం, సముద్రగర్భం కోసం. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 121(3) చూడు: మనుషులు బతకలేని, సొంత ఆర్థిక జీవనం లేని రాళ్లకు 200 మైళ్ల మండలం (అంత దూరం చేపల మీద, సముద్రగర్భం మీద హక్కు) రాదు. 1985లో బ్రిటన్ హక్కు చాటడానికి ఒకాయన చెక్క గూడు బిగించుకుని 40 రోజులు ఉన్నాడు. అయినా 1997లో ఆ ఒప్పందంలో చేరినప్పుడు రాకాల్ పేరు మీద అడిగే 200 మైళ్లను బ్రిటనే వదులుకుంది.

జవాబు 3:
గ్రూప్స్ అంటున్నావు కాబట్టి మన రాజ్యాంగం 1(3)(సి) కూడా రాసుకో: “సంపాదించుకునే ఇతర భూభాగాలు” కూడా దేశంలో భాగమే. గోవాలో పోర్చుగీసు పాలన 1961 డిసెంబర్ 19న ముగిసింది. గోవాని రాజ్యాంగంలో చేర్చిన 12వ సవరణ 1962లో వచ్చినా, 1961 డిసెంబర్ 20 నుంచే అమలైనట్టు రాశారు.

ప్రశ్న అడిగిన అతను:
థాంక్స్ అన్నా. మావాడికి చదివి వినిపించా. “ముందు జెండానే కదా” అంటున్నాడు. సమోసా వాడు, టీ నేను అని రాజీ పడ్డాం.