ఒకే రోజు రెండు టీమ్‌లకు హిట్ కొట్టిన బేస్‌బాల్ ఆటగాడు ఎవరు?

ప్రశ్న: ఒకే రోజు రెండు టీమ్‌ల తరఫున, రెండు వేర్వేరు ఊళ్లలో హిట్ (బంతిని కొట్టి ఔట్ కాకుండా బేస్ చేరడం) కొట్టినవాడు ఒకడున్నాడని మా ఆఫీసులో ఒకాయన తెగ వాదిస్తున్నాడు. నిజమా, కోతలా?

జవాబు: నిజమేనండీ. జోయెల్ యంగ్‌బ్లడ్, 1982 ఆగస్టు 4. మధ్యాహ్నం షికాగోలో న్యూయార్క్ మెట్స్ టీమ్ తరఫున రెండు పరుగులు తెచ్చిన సింగిల్ (మొదటి బేస్ వరకు చేర్చే హిట్) కొట్టాడు, ఆట మధ్యలోనే అతన్ని మాంట్రియల్ ఎక్స్‌పోస్ టీమ్‌కి ఇచ్చేశామని చెప్పారు, ఇక విమానం ఎక్కి ఫిలడెల్ఫియా చేరి రాత్రి ఆటలో ఎక్స్‌పోస్ తరఫున ఇంకో సింగిల్. అసలు మజా ఏంటంటే ఆ రెండు హిట్లూ ఫెర్గీ జెంకిన్స్, స్టీవ్ కార్ల్‌టన్‌ల మీద. ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్‌లో (ఆటలో గొప్పవాళ్లకిచ్చే గౌరవం) చోటున్న పిచర్లే, అంటే బంతి విసిరేవాళ్లే!

జవాబు: 1922లో కబ్స్, కార్డినల్స్ టీమ్‌లు కూడా ఒకే రోజు రెండు ఆటల మధ్య విరామంలో మ్యాక్స్ ఫ్లాక్, క్లిఫ్ హీత్‌కోట్‌లను మార్చుకున్నాయి. కానీ మొదటి ఆటలో ఇద్దరికీ హిట్ పడలేదు.

జవాబు: డ్యానీ జాన్సెన్‌ని మర్చిపోయారా బ్రో? 2024 జూన్‌లో అతను బ్లూ జేస్ తరఫున రెడ్ సాక్స్ మీద బ్యాటింగ్‌లో ఉండగా వానకి ఆగిన ఆట ఆగస్టులో మళ్లీ మొదలయ్యేసరికి, ట్రేడ్ అయిపోయి (టీమ్ మారిపోయి) రెడ్ సాక్స్ క్యాచర్‌గా (బ్యాటర్ వెనకాల బంతి పట్టేవాడు) ఉన్నాడు. తను వదిలేసిన బ్యాటింగ్‌ని వేరేవాడు పూర్తి చేస్తుంటే వెనకాల బంతి పట్టింది తనే 😂

ప్రశ్న అడిగినవారు: ఇది ఆయనకి కూడా తెలిసుండదు, రేపు అడుగుతా.