ఫంక్షన్ హాల్‌కు పాత స్టీమర్ లుక్ కావాలట, సలహా ఇవ్వండి

ప్రశ్న (హనుమకొండ, ఇంటీరియర్ పని):
నమస్తే. ఒక ఫంక్షన్ హాల్ పని ఒప్పుకున్నాను. ఓనర్ మిసిసిపీ నది మీద తిరిగిన పాత చక్రాల స్టీమర్ల ఫొటోలు చూపించి, లోపల అలాగే ఉండాలంటున్నారు. హాల్ పొడవు ఎక్కువ, రెండు పక్కలా గదులే, కిటికీలకు చోటు లేదు. మధ్యలో రెండు లావు పిల్లర్లు. ఆ నగిషీ అంతా టేకుతో చేసేవాళ్లా? బడ్జెట్ తలుచుకుంటేనే టెన్షన్.

జవాబు (కాజీపేట, రిటైర్డ్ మెకానిక్):
తమ్మీ, టేకు వద్దు. ఆ స్టీమర్లు లోతు లేని నీళ్లలో నడవాలి, బరువు పెరిగితే ఇసుకలో కూరుకుపోతాయి. అందుకే పైఅంతస్తులన్నీ పల్చటి పైన్ చెక్కతో కట్టేవాళ్లు. జాలీలు రంపంతో కోసి, తెల్ల పెయింట్ వేసి, అంచులకు బంగారు రంగు అద్దేవాళ్లు. నువ్వు ఎండీఎఫ్‌లో (చెక్క పీచును అదిమి చేసే పలక) జాలీ కటింగ్ చేయించు.

వాటిలోనూ సెలూన్‌కు, అంటే ప్రయాణికులు కూర్చునే పెద్ద హాలుకు, రెండు పక్కలా క్యాబిన్లే. కాబట్టి కప్పు మధ్యభాగం కొంచెం పైకి లేపి, ఆ గోడల్లో వరసగా చిన్న కిటికీలు, రంగు అద్దాలు పెట్టేవాళ్లు. బాయిలర్లు ముందువైపు ఉండేవి, ఆడవాళ్ల సెలూన్ వెనక చివర. పేలుళ్ల భయం అంత ఉండేది.

పిల్లర్లకు గ్రేట్ ఈస్టర్న్ ఓడను చూడు. బ్రిటిష్ ఇంజినీర్ బ్రూనెల్ డిజైన్, 1858లో నీళ్లలోకి దిగింది. పొడవు 692 అడుగులు, పక్క చక్రాల వ్యాసమే 56 అడుగులు. పెద్ద సెలూన్ నడుమ నుంచే పొగగొట్టాలు పైకి పోయేవి. వాటి చుట్టూ ఎనిమిది ముఖాల పెట్టె కట్టి, వెడల్పు ముఖాలకు నిలువుటద్దాలు, ఇరుకువాటికి నగిషీ పలకలు బిగించారు. ఎంత అందమైన ఉపాయమో చూడు!

అద్దాల వెనక పొగగొట్టానికి నీళ్ల తొడుగు ఉండేది. సెలూన్‌కు వేడి తగలదు, ఆ నీళ్లే వేడెక్కి బాయిలర్‌కు పోతాయి. 1859 సెప్టెంబర్‌లో దాని వాల్వు మూసి ఉండిపోయింది. ఆవిరికి దారి లేక తొడుగు పేలింది, సెలూన్ ధ్వంసమైంది, కింద బొగ్గు వేసే కార్మికులు చనిపోయారు. నీ పెట్టెల్లో వైరింగ్ పంపిస్తే, తెరిచి చూసేందుకు చిన్న తలుపు తప్పకుండా వదులు.

జవాబు (కరీంనగర్, అద్దాల షాపు):
అద్దం నేల దాకా దించకండి అన్నా. పెళ్లిళ్లలో పిల్లలు పరిగెత్తుతుంటారు. మూడడుగుల వరకు చెక్క, పైన టఫెన్డ్ గ్లాస్ వేయండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ సార్, అన్నా. స్లాబ్ ఎత్తు బాగానే ఉంది, ఫాల్స్ సీలింగ్ మధ్యలో రెండడుగులు లేపొచ్చు. రంగు అద్దాల వెనక ఎల్ఈడీ స్ట్రిప్ పెడితే పగటి వెలుతురులా కనిపిస్తుందా, లేక ప్యానెల్ లైట్లే మేలా?